ఎక్కడం ఆమెది, దిగడం నాది

ఆక్లాండ్‌కి మూడు గంటల దారిలో, టౌరంగాలో ఉన్న తెలుగువాళ్లం ఉగాదికి ఒక కమ్యూనిటీ హాలు తీసుకుని, ఇంటికో వంటకం తెచ్చుకుని కలిసి భోంచేసేవాళ్లం. ఆ ఏడాది అందరూ కార్లలో వస్తే ఒకమ్మాయి మాత్రం సైకిల్ మీద వచ్చింది. చుడీదార్ కుడికాలు మేజోడులోకి దోపుకుంది. వీపున బ్యాగు, బ్యాగులో స్టీలు క్యారియర్. హాలు ముందున్న గడ్డిగట్టు పక్కనుంచి దారి ఉన్నా, నేరుగా గట్టు మీదికే తొక్కుకుంటూ ఎక్కేసింది. క్యారియర్ మూత తీస్తే సేమ్యా పాయసం. చుక్క కూడా ఒలకలేదు.

దాన్ని మౌంటెన్ బైక్ అంటారని నాకప్పుడు తెలియదు. సైకిల్‌కి ఇంత లావు టైర్లేమిటా అని చూస్తూ నిలబడ్డాను.

"తొక్కుతవా అక్కా?" అంది.

నాకప్పుడు ముప్పై ఆరేళ్లు. ఒంగోల్లో పదో తరగతి దాకా స్కూలుకి సైకిల్ మీదే వెళ్లాను. ఆ తర్వాత సైకిల్ ముట్టుకోలేదు. కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని ఎక్కాను. కార్ల మధ్య రెండు చుట్లు తిరిగి, గడ్డిగట్టు మీదినుంచి కిందికి వదిలేశాను. ఒక ఆంటీ "అమ్మో, పడిపోద్ది!" అని కేకేసింది. మా ఆయన పులిహోర పళ్లెం చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు. కింద చదునులో ఆగి వెనక్కి తిరిగి చూస్తే ఆ అమ్మాయి నవ్వడం లేదు. నన్ను పరీక్షగా చూస్తోంది.

"నువ్వు బ్రేక్ వట్టలేదు," అంది.

"అక్కడ పట్టుకుంటే పడతాం కదా."

"నేనైతే పడతనేమోనని వట్టుకుంట."

మా స్నేహం ఆ రెండు మాటలతో మొదలైంది. ఆమెది నిజామాబాద్ దగ్గర ఊరు. చదువుకోవడానికి వచ్చి, ఇక్కడే ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగంలో కుదురుకుంది. నాకంటే ఆరేళ్లు చిన్న. నేను కివీపళ్లు ఏరి పెట్టెల్లో సర్దే ప్యాక్‌హౌస్‌లో నాణ్యత చూసే విభాగంలో పనిచేస్తాను. నేను సైకిల్ కొనుక్కుంటానంటే మా ఆయన అడ్డు చెప్పలేదు గాని, హెల్మెట్ మాత్రం తనే ఎంచుకుని తెచ్చారు. దుకాణంలో ఉన్నవాటిలో అన్నింటికంటే బరువైనది తెచ్చారు.

ఇక్కడ జూన్‌లో మొదలయ్యే చలికాలమంతా ఆదివారాలు పైన్ అడవుల్లో గడిపాం. పొద్దున్నే మంచు పట్టిన గడ్డి మీద బళ్లు దింపేవాళ్లం. చెట్ల మధ్య ఒక్క మనిషి పట్టేంత సన్నటి మట్టిదారి. పైకి ఎక్కేటప్పుడు ఆమె మలుపు తిరిగి కనబడకుండా పోయేది. నేను నోటితో గాలి పీలుస్తూ, గేర్లన్నీ అయిపోయి, చివరికి దిగి నెట్టుకుంటూ వెళ్లేసరికి శిఖరం దగ్గర ఫెర్న్ ఆకుల పక్కన కూర్చుని బత్తాయి ఒలుచుకుంటూ ఉండేది. కిందికి దిగేటప్పుడు కథ మారేది. నేను ముందు వెళ్లి కింద కాచుకుని కూర్చునేదాన్ని. ఆమె రెండు బ్రేకులూ నొక్కి పట్టి, భుజాలు బిగించి, కీచుమంటూ దిగేది.

దిగడం నాకు ఎవరూ నేర్పలేదు. చూపు ఎక్కడ పెడితే బండి అక్కడికి వెళుతుందని మొదటి వారంలోనే తెలిసిపోయింది. రాయిని చూస్తే రాయికే కొట్టుకుంటాం. పక్కన ఉన్న ఖాళీని చూస్తే అందులోంచి జారిపోతాం. నాకెందుకో ఖాళీలే కనబడేవి.

సెప్టెంబరులో ఆమె ఫోన్ చేసింది. "అక్కా, రేసులున్నయ్. అక్టోబరు నుంచి మార్చి దాక, నెలకొకటి. జంటల రేసు గూడ ఉంది. ఒక ల్యాప్, అంటే ఒక చుట్టు, నేను, ఒక ల్యాప్ నువ్వు. మూడు గంటల్ల ఎవరు ఎక్కువ ల్యాపులు కొడితే వాళ్లు గెలిచినట్టు. మన పేర్లు రాయిస్తున్న."

"నన్ను అడగవా?"

"అడిగితే ఆలోచిస్తవ్."

అక్టోబరులో రోటొరువా అడవిలో మొదటి రేసు. ఊళ్లోకి వెళ్లగానే వేడినీటి బుగ్గల గంధకం వాసన కారులోకి కొట్టింది. మైదానంలో వందలమంది. ఆడవాళ్ల జంటలు పదకొండు. మా పక్క జంటలో ఒకావిడకి అరవై దాటాయి. నెరిసిన జుట్టు రెండు జడలుగా వేసుకుంది. ఆవిడకి అవకాడో తోట ఉందట. నేను కివీపళ్ల మనిషినని చెప్పగానే, ఈ ఏడు పూత ఎలా ఉందో మాట్లాడుకుంటూ రేసు మొదలయ్యే సంగతే మరిచిపోయాం.

నా మొదటి ల్యాప్‌లో, ఎక్కుడు సగంలో, ఆవిడ నన్ను దాటి వెళ్లింది. దాటుతూ "బాగా తొక్కుతున్నావ్, డియర్" అంది. ఆవిడకి ఆయాసం కూడా లేదు. ఆ రోజు మాది పదకొండో స్థానం. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, "పదకొండోదంటే బాగానే వచ్చిందే!" అన్నారు. మొత్తం జంటలెన్నని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఓడిపోయినందుకు బాధ లేదు. మేం బాగా చేయగలమని నాకు తెలుసు. ఎక్కడ ఆలస్యమవుతుందో కూడా కనబడింది. ల్యాప్ ముగించి వచ్చినవాళ్లు మణికట్టుకున్న పట్టీ తీసి రెండోవాళ్లకి తొడగాలి. మేం ఆ కాస్త పనికే ఒకరినొకరు వెతుక్కుంటూ, చేతి తొడుగులు ఊడదీసుకుంటూ బోలెడు సమయం పోగొట్టాం. తర్వాతి వారం మా ఇంటి ముందు రోడ్డు మీద పట్టీ మార్చుకోవడం సాధన చేశాం. కుక్కతో నడకకి వచ్చిన పక్కింటాయన ఆగి రెండుసార్లు చూసి, మూడోసారి చప్పట్లు కొట్టాడు. నవంబరు రేసులో ఏడో స్థానానికి వచ్చాం.

డిసెంబరులో పడ్డాను.

తప్పు పూర్తిగా నాదే. రెండో ల్యాప్‌లో నేను ఇద్దర్ని దాటాను. మూడో ఆమె నా ముందే ఉంది. వెడల్పు దారి వచ్చేదాకా ఆగితే సరిపోయేది. ఆగబుద్ధి కాలేదు. పైన్ వేళ్లు మెట్లలాగా పైకి తేలి ఉన్న వాలు అది. రాత్రి కురిసిన జల్లుకి వేళ్లు ఇంకా తడిగా ఉన్నాయి. దాటడానికి పక్కకి తిప్పాను. ముందు చక్రం వేరు మీద అడ్డంగా పడి జారింది. కుడిచెయ్యి నేలకి ఆనించాను. మొత్తం బరువు దాని మీద పడింది.

నేను దాటబోయిన ఆమె రేసు ఆపి బండి దిగి నా పక్కన కూర్చుంది. అటుగా వెళ్లిన ఇంకొకామె కింద కబురు చెప్పింది. కాసేపటికి నా స్నేహితురాలు ఆ వాలుకి అడ్డంపడి చెట్ల మధ్యనుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. వచ్చీ రాగానే నా బొటనవేలి మొదట్లో ఉన్న గుంటలో వేలితో నొక్కింది. నేను అరిచాను.

"గక్కడనేనా నొప్పి?"

"అక్కడే! తియ్యవే చెయ్యి!"

తన జాకెట్ చేతులు నా మెడకి కట్టి, నా చేతిని అందులో ఆనించింది. టౌరంగాకి తనే కారు నడిపింది. ఆసుపత్రిలో ఆ రోజు తనకి డ్యూటీ లేకపోయినా లోపలికి వెళ్లి, అక్కడున్నామెతో మాట్లాడి, ఎక్స్‌రే తనే తీసింది. నేను ఎక్స్‌రే గదిలోంచి గాజు గోడ అవతల ఉన్న ఆమె ముఖం చూస్తున్నాను.

"ఏమైందే?"

"డాక్టర్ చెప్పాలె అక్కా. నేను చెప్పొద్దు. రూల్."

"నీ మొహం చెప్పేసిందిలే."

మణికట్టులో చిన్న ఎముక చిట్లింది. ఆరు వారాలు సిమెంటుకట్టు.

జనవరి రేసులో నేను పాల్గొనలేను. అవకాడో తోట ఆవిడతో జంటగా తొక్కే ఆమెకి మోకాలు పట్టేసింది. నా స్నేహితురాలూ ఆవిడా ఒంటరిగా మిగిలారు కాబట్టి ఆ ఒక్కసారికి వాళ్లిద్దరూ కలిసి తొక్కుతారని అనుకున్నారు. అది సబబే. నేనే ముందు అన్నాను, తొక్కండని. రేసు రోజు చేతికి కట్టుతో మైదానం అంచున నిలబడి ఎడమచేత్తో నీళ్ల సీసాలు అందించాను.

వాళ్లు రెండో స్థానంలో వచ్చారు.

నా స్నేహితురాలు పట్టీ తీసి పైకి విసిరి, ఆవిడని కావలించుకుంది. నేను నవ్వుతూనే ఉన్నాను. బుగ్గలు నొప్పి పుట్టేలా నవ్వాను. లోపల మాత్రం చిన్నపిల్లలా ఏడుపొచ్చింది. నేనుంటే ఏడో స్థానం, నేను లేకపోతే రెండో స్థానం. ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా అదే కనబడింది.

తిరిగి వస్తుంటే కారులో తనే చెప్పింది.

"మిగిలిన రెండు రేసులు గూడ నాతోని తొక్కమని అడిగింది ఆమె."

"మంచిదే కదా. వెళ్లు."

"నిజంగ అంటున్నవా?"

"నిజంగానే. నాకింకా బలం రావాలి. నీకు పైకొచ్చే అవకాశం ఉంది. ఎందుకు పోగొట్టుకుంటావ్?"

తను రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు. "ఆమెకి ముందే చెప్పిన. మా అక్క చెయ్యి మంచిగైతది, నేను ఆమెతోనే తొక్కుత అని. నిన్నెందుకు అడిగిన్నంటే, నువ్వు అబద్ధం ఆడుతవా లేదా చూద్దామని."

"ఆడాను."

"తెలిసింది," అంది. తర్వాత నేను నిజం చెప్పాను, మైదానంలో నవ్వు ఎంత కష్టపడి నవ్వానో. తను కారు పక్కకి ఆపేంత నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గాని, కట్టు ఉన్న చెయ్యి అదిరి నొప్పి చేసింది.

కట్టు విప్పాక ఫిబ్రవరి రేసులో మళ్లీ ఎక్కాను. డాక్టరు సరేనన్నాడు, ఎముక అతుక్కుంది, మణికట్టు వంగుతోంది. కాని దిగుడు మొదలవగానే నా వేళ్లు వాటంతటవే బ్రేకుల మీద బిగుసుకున్నాయి. నా జీవితంలో ఎన్నడూ లేని సంగతి అది. ఎటు చూసినా ఖాళీలు కనబడలేదు. చెట్ల వేళ్లూ రాళ్లే కనబడ్డాయి. నేను పడిన వాలు దగ్గర దిగిపోయి బండి నడిపించుకుంటూ వెళ్లాను. వెనక వచ్చేవాళ్లు దారిమ్మని "ట్రాక్! ట్రాక్!" అని అరుస్తుంటే పొదల్లోకి తప్పుకున్నాను. ఆ రోజు పదో స్థానం. మా ముందున్న జంట బండి విరిగి ఆగిపోయింది కాబట్టి పదోది.

ఓదారుస్తుందేమో అనుకున్నాను. ఓదార్చలేదు. బండ్లు కారు వెనక కట్టేటప్పుడు అడిగింది.

"వచ్చే ఆదివారం నాకు దిగుడు నేర్పుతవా?"

"నేనా? ఇవాళ చూశావుగా నా దిగుడు!"

"నేను ఐదేండ్లసంది తొక్కుతున్న. బ్రేక్ ఇడవకుండ దిగుతున్న. నువ్వు ఉగాది రోజు చీర కట్టుకొని ఇడిసినవ్. గది ఎట్ల ఇడిసినవో చెప్పు, చాలు."

ఆ ఆదివారం ఇద్దరమే రోటొరువా అడవికి వెళ్లాం. బళ్లు చెట్లకి ఆనించి ఆ వాలు మీద నడిచాం. పైనుంచి కిందికి, మళ్లీ పైకి. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఇక్కడ బరువు వెనక్కి వెయ్యాలి. మడమలు కిందికి దించాలి. ఈ వేరుని అడ్డంగా కాదు, నేరుగా తొక్కాలి. దీనిమీద బ్రేక్ ముట్టుకోవద్దు, ఏం చేసినా వేళ్లకి ముందున్న ఆ పసుపు గడ్డి దగ్గరే చెయ్యి. చూపు కింద మలుపు మీద పెట్టు. చెబుతుంటే నాకే ఆశ్చర్యం వేసింది. ఇదంతా నాకు తెలుసు. నా ఒంటికి తెలిసినదాన్ని మాటల్లో పెట్టడం అదే మొదటిసారి. నేను పడిన చోటు కూడా చూపించాను. ఎందుకు పడ్డానో ఇప్పుడు వేలుపెట్టి చూపించగలను. అడ్డంగా తిప్పాను, అంతే. ఆ వాలుకి నా మీద పగేమీ లేదు.

"చూపించు మరి," అంది.

ఎక్కాను. మొదటిసారి పసుపు గడ్డి దగ్గర ఆగిపోయాను. రెండోసారి వదిలేశాను. చక్రాలు వేళ్ల మీద టకటకమంటూ దిగాయి, చేతులు అదిరాయి, మణికట్టు ఊరుకుంది. కింద ఆగి వెనక్కి తిరిగి పైకి అరిచాను, "రా!"

తను అయిదో ప్రయత్నంలో బ్రేక్ వదిలి దిగింది. కళ్లలో నీళ్లు. గాలికి వచ్చాయంది. నమ్మినట్టు తలూపాను.

మార్చిలో చివరి రేసు. మాకు పళ్ల కోత ముంచుకొస్తోంది. ఆ ఒక్క శనివారం కోసం నేను రెండు వారాలు ఆదివారాలు కూడా పనిచేస్తానని మా సూపర్‌వైజర్‌కి మాటిచ్చాను. చివరిది కాబట్టి అయిదు గంటల రేసు. మొదలైన అరగంటకి వాన అందుకుంది. అక్కడి నేల వాన తాగేసే రకమే, కాని జనం తొక్కితొక్కి మలుపులన్నీ బురద చేశారు. బురదలో దిగడం నాకు ఇబ్బంది కాలేదు. వాన పడితే అందరూ నెమ్మదిస్తారు. నేను తక్కిన వాళ్లకంటే తక్కువ నెమ్మదించాను.

మూడు గంటలు గడిచేసరికి మేం రెండో స్థానంలో ఉన్నాం. బోర్డు మీద మా నంబరు చూసి మా ఆయన, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, గొడుగు ఊపుతూ "కమాన్! కమాన్!" అని కేకలు పెట్టారు. అవకాడో ఆవిడ ఈసారి తన కోడలితో తొక్కుతోంది. మా వెనకే ఉన్నారు.

నాలుగో గంటలో నా స్నేహితురాలు రావలసిన సమయానికి రాలేదు. అయిదు నిమిషాలు చూశాను. పది నిమిషాలు. ఆవిడ కోడలు వచ్చేసింది, ఆవిడ పట్టీ తొడుక్కుని బయల్దేరింది. బయల్దేరుతూ నా వైపు చూసి, "మీ ఫ్రెండ్ బాగానే ఉంది! చైన్ తెగింది! పరిగెత్తుతోంది!" అని అరిచి వెళ్లిపోయింది. తన కోడలు మోసుకొచ్చిన కబురు నాకు అందించడానికి అన్ని క్షణాలు ఖర్చు చేసింది ఆవిడ.

నిజంగానే పరిగెత్తుతూ వచ్చింది. బండి భుజం మీద వేసుకుని, చెవుల్లోకి కూడా బురద నిండి, ఒక మోకాలు గీరుకుపోయి. పట్టీ తీసి నా మణికట్టుకి తొడిగింది.

"అక్కా, చైన్ ముక్కలైంది. బాగు చేసేటందుకు టైం పడ్తది. నువ్వు రెండు ల్యాపులు వరసగ కొడ్తవా?"

"కొడతాను."

ఎక్కుడులో నేనెంత నెమ్మదో ఇద్దరికీ తెలుసు. కాని ఆ రోజు నేను ఒక్కచోట కూడా దిగలేదు. చిన్న గేర్లో, పసిపిల్ల మెట్లెక్కినట్టు, ఒక్కో తొక్కు లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. శిఖరం దాటాక మిగిలినదంతా నాది. ఆ వేళ్ల వాలు దగ్గర మనుషులు దిగి నడుస్తున్నారు. "ట్రాక్!" అని ఈసారి నేనరిచాను. వాళ్లు తప్పుకున్నారు. పసుపు గడ్డి బురదలో ఎప్పుడో కలిసిపోయింది. చూపు మలుపు మీద పెట్టి వదిలేశాను. రెండో ల్యాప్‌లోనూ అంతే. వంపుల దగ్గర కట్టిన మట్టిగట్ల మీద బండి వాల్చి తిప్పుతుంటే చినుకులు ముఖానికి ఇసుకలా కొట్టాయి. నాకు గొంతెత్తి అరవాలనిపించింది. అరిచాను కూడా. పైన్ చెట్లు తప్ప విన్నవాళ్లెవరూ లేరు.

నేను వచ్చేసరికి తను అరువు తెచ్చుకున్న చైన్ బిగించుకుని సిద్ధంగా ఉంది. ఇంకో ల్యాప్‌కి సమయముంది. పట్టీ తొడిగాను. క్షణం కూడా పోలేదు. తను వెళ్లింది, ఎక్కుడులో ఒక జంటని వెనకేసింది. దిగుడులో ఎవరికీ దారి ఇవ్వలేదని తర్వాత చెప్పింది.

మూడో స్థానం. రెండోది అవకాడో ఆవిడ, ఆవిడ కోడలు. బహుమతిగా మాకు ముదురు నారింజ రంగు మేజోళ్లు, ఒక పెద్ద చాక్లెట్ పెట్టె ఇచ్చారు. చెక్కతో చేసిన మెట్ల మీద ఎక్కి నిలబడమన్నారు. మా ఆయన ఫోటో తీశారు, అందులో మా ముఖాల కంటే బురదే ఎక్కువ. నా స్నేహితురాలికి కోపంగానే ఉంది.

"చైన్ తెగకుంటే రెండో ప్లేసు మనదే."

"ఏమో! వచ్చే ఏడు చూద్దాం."

"మొదటి ప్లేసు అనవేందక్కా?"

ఆవిడ పక్కనుంచి వచ్చి మా ఇద్దరి వీపులూ తట్టింది. మేం మాట్లాడుకున్నదేమిటని అడిగింది. ఇంగ్లీషులో చెప్పాను. "వచ్చే ఏడు నాకు అరవై నాలుగు వస్తాయి, మీకు కష్టమే" అంది.

సోమవారం ప్యాక్‌హౌస్‌లో కొత్త పళ్లు దిగాయి. మెట్లెక్కాలంటే తొడలు సహకరించలేదు. కమ్మీ పట్టుకుని పక్కవాటుగా ఎక్కుతుంటే తోటివాళ్లు ఏమైందని అడిగారు. అడిగినవాళ్లందరికీ చెప్పాను. కొందరికి రెండుసార్లు చెప్పాను.

చలికాలంలో నా స్నేహితురాలికి ఆక్లాండ్‌లో మంచి ఉద్యోగం వచ్చింది. న్యూ లిన్‌లో రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో ఫ్లాట్ తీసుకుంది. ఇక ఆదివారాలు నేనొక్కదాన్నే అడవికి వెళ్లాలేమో అనుకున్నాను. సెప్టెంబరులో ఫోన్ మోగింది. నేను హలో అనేలోపే, మా పేర్లు రాయించేశానంది. ఆ సీజన్‌లో ఆరు రేసులకీ శుక్రవారం సాయంత్రం మూడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చేది. మా హాల్లో పరుపు వేసుకుని పడుకునేది. పొద్దున్నే మా ఆయన ఇద్దరికీ ఉప్మా చేసి పెట్టేవారు. జీడిపప్పు మాత్రం నా స్నేహితురాలి ప్లేట్లోకే ఎక్కువ వెళ్లేది. ఎక్కేది తనే కదా అనేవారు.